కొండ మీది పోస్టుకు కబురు

పొద్దున్నే లొంగుబాటు కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. ఓడిపోతే ఏం చెయ్యాలో కూడా ఆ సైన్యం ముందే రూల్సు రాసిపెట్టుకుంది. శత్రువు గుమ్మంలో అడుగు పెట్టకముందే కోడ్ పుస్తకాలన్నీ తగలబెట్టాలన్నది వాటిలో మొదటిది. కల్నల్ దగ్గరుండి మరీ తగలబెట్టించాడు. యుద్ధం పొడవునా ఒక్క పనీ సవ్యంగా చెయ్యని ఆ ఆఫీసు, ఈ ఒక్క పని మాత్రం కాగితం ముక్క మిగలకుండా చేసి చేతులు దులుపుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది కొండ మీది సైనిక పోస్టు. ఫోను తీగలు తెగిపోయి, అక్కడివాళ్ళకు వైర్‌లెస్ ఒక్కటే మిగిలింది. కోడ్‌లో రాని ఆర్డరు ఏదైనా శత్రువు పన్నాగమేనని, నమ్మొద్దని వాళ్ళకు నూరిపోసింది ఈ కల్నలే. ఇప్పుడు ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు.

వైర్‌లెస్ ఆపరేటరుకు ఆ తీరిక కూడా లేదు. కొండ మీద సెట్టు మోస్తున్నవాడు ఆమె తమ్ముడు. తల్లి పోయాక ఆమె చేతుల్లోనే పెరిగాడు. పోస్టు కెప్టెన్ చనిపోయాక అక్కడ వాడి మాటే చెల్లుతోంది. చీకటి పడేలోగా కొండ మీద తెల్లజెండా కనపడకపోతే విమానాలు వస్తాయని గెలిచినవాళ్ళ మేజరు దుబాసీ చేత చెప్పించాడు. అతన్ని పంపేసి, ఆమె వెనకే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మర్యాదస్తుడే, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈ భాష మాత్రం ఒక్క ముక్క రాదు.

"కొండ పోస్టు, ఇది హెడ్‌క్వార్టర్స్. మనం లొంగిపోయాం. కాల్పులు ఆపండి."

"ఇవాళ్టి కోడ్ చెప్పు," అంది అవతలి గొంతు కటువుగా.

"లేదు. తగలబెట్టేశారు."

"అయితే నోరు మూసుకో."

తిట్టినా సరే, ఆ గొంతు వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మొండిఘటం, బతికే ఉన్నాడు.

"ఒరేయ్ బుడంకాయ్! నేన్రా, అక్కని."

"మా అక్కవైతే చెప్పు. నా గడ్డం కింద మచ్చ ఎలా పడింది?"

"నేను తలుపేస్తుంటే నువ్వు తల దూర్చావు. నాన్న నన్ను కొడతాడని, మెట్ల మీద పడ్డానని అబద్ధమాడావు."

"నువ్వే అక్కా," అన్నాడు వాడు. కల్నల్ హమ్మయ్య అని వెనక్కి వాలాడు. అది చూసి మేజరు కూడా చిన్నగా నవ్వాడు.

"అక్కా, నీ పక్కన ఎవరున్నారు?"

"కల్నల్ గారు."

"ఇంకా? నా మీద ఒట్టేసి చెప్పు."

ఎవరూ లేరని చెప్పమన్నట్టు కల్నల్ చేతులు ఊపాడు. తమ్ముడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"వాళ్ళ మేజరు ఉన్నాడురా."

"తుపాకీ ఉందా?"

"నడుముకి ఉంది. నా వైపు పెట్టలేదురా, నిజంగా!"

"అలాగే చెప్పమంటారు అక్కా. నాకు తెలుసు."

"ఎవరూ చెప్పమనలేదురా. యుద్ధం అయిపోయింది. అక్కడే ఉంటే చచ్చిపోతావు, జెండా ఎగరేసి కిందికి రా నాయనా."

"వస్తున్నాం. అందరం వస్తున్నాం. నువ్వు ఏడవకు. వాళ్ళ ముందు అస్సలు ఏడవకు."

అవతలి సెట్టు ఆగిపోయింది. ఆమె మీటలన్నీ తిప్పింది, బల్ల మీద గుద్దింది, పేరు పెట్టి పిలిచింది. తను అక్కనేనని నమ్మించాలనుకుంది, నమ్మించింది. పరాయిదాని మాట అయ్యుంటే వాడు కొండ దిగేవాడు కాదు.

కొంతసేపటికి కొండ కింది రోడ్డు మీద తుపాకులు మోగాయి. గెలిచినవాళ్ళ లారీలు బారులు తీరి ఉన్నది అక్కడే. మేజరు నవ్వు చెరిగిపోయింది. టోపీ పెట్టుకుని, మూలనున్న ఫోను అందుకుని తన భాషలో ఏదో గట్టిగా చెప్పాడు.

"మళ్ళీ పిలువమ్మా! త్వరగా!" అని అరిచాడు కల్నల్.

ఆమె చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవర్ని పిలవమంటారు సార్? వాడు నా కోసం బయల్దేరాడు."