కాఎరు అన్న మాట

పొద్దున్నే దుకాణం షట్టరు లేపగానే తొకునాగా ముందుగా తన భార్య కంప్యూటరు స్విచ్ వేసేవాడు. బల్ల నిండా రిపేరుకొచ్చిన పాతకాలపు ఇంటి కంప్యూటర్లే. పసుపెక్కిన పెట్టెలు, ఊడిన మీటలు, క్యాసెట్టు పెడితే గానీ ఆట మొదలుకాని యంత్రాలు. వాటి సంగతి తరవాత.

నవోఎ హైస్కూల్లో ఉండగా వాళ్ళ నాన్న కొనిచ్చిన యంత్రమది. కాపరానికొస్తూ బట్టలతోపాటు తెచ్చుకుంది. కిందటేడు ఆమె పోయింది. కర్మలు ముగిసిన మర్నాటి నుంచి ఆ తెర మీద పొద్దున పూట ఒక్కో మాట రాయడం మొదలుపెట్టింది. గొడుగు. బియ్యం. పన్ను. బతికుండగా కూడా అంతే, ముద్దుముచ్చట తక్కువ, పనిమాట ఎక్కువ.

అమగసాకి బజారులో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. ఎదుటి టోఫూ కొట్టు ఇసోబె అక్క రోజూ చేతులు తుడుచుకుంటూ వచ్చేది.

"ఏమంది మేస్త్రీ, ఇవాళ?"

"సబ్బు అంది."

"అనదూ మరి? నీ కాలరు చూసుకున్నావా? చచ్చి కూడా నీ చాకిరీ తప్పలేదు పిచ్చిదానికి. నా ముల్లంగి ఊరగాయలో ఉప్పెంతో ఓసారి అడిగి చెప్పు."

"అడిగితే చెప్పదక్కా. తనకు తోచిందే చెప్తుంది."

"అంటే పెత్తనం మొగుడి మీదేనన్నమాట."

ఆ ఒక్క మాట కోసమే తొకునాగా నిద్ర లేచేవాడు. అది ఆగిపోతే తను బతకలేననుకునేవాడు. ఊరందరి యంత్రాలూ విప్పిన చెయ్యి దాని మూత మీదికి మాత్రం పోయేది కాదు. ఏ తీగ కదిలితే ఆమె కదిలిపోతుందోనని భయం.

ఆగస్టులో తెర వణకసాగింది. పెట్టెలోంచి సన్నగా చేప వాసన. పాత కండెన్సర్లు కారితే వచ్చే వాసన అది, ఆ కారిన ద్రవం కింది సర్క్యూటు పలక మీది రాగి గీతల్ని తినేస్తుంది. అది అతనికి తెలియని విషయమా! తెలిసీ ముక్కు తిప్పుకున్నాడు.

అప్పుడొక పొద్దున తెర మీద "కాఎరు" అని వచ్చింది.

ఆ కాలపు యంత్రాలకు అర్థం చెప్పే బొమ్మ అక్షరాలు రావు, పలికే శబ్దాన్ని రాసే అక్షరాలే వచ్చు. పాలు అంటే తాగేవో, పంచుకునేవో తేలని చిక్కు వాటితో ఎప్పుడూ ఉండేదే. కాఎరు అంటే ఇంటికి తిరిగి రావడం. తొకునాగాకు ఆ అర్థమొక్కటే తట్టింది.

"మరి ఓబోన్ పండగ దగ్గర పడింది కదయ్యా," అంది ఇసోబె అక్క. "పోయిన పెద్దలంతా ఇళ్ళకొస్తారు. మీ ఆవిడ ముందే కబురు పెట్టింది. ముందా చాపలు మార్పించు, కూర్చునేలా లేవు."

"ఏం వండమంటావక్కా?"

"నిన్నే కట్టుకుంది. ఏదైనా తింటుందిలే."

చాపలు మార్పించాడు. ఆమె కప్పు తోమి బోర్లించాడు. ఆమెకిష్టమైన వంకాయలు తెచ్చాడు. రోజూ తెర మీద అదే మాట, వణుకుతూ, అక్షరాల్లో గీతలు రాలిపోతూ. పాపం ఆత్రపడుతోంది అనుకున్నాడు. చేప వాసన ముదిరింది. మనిషి వస్తానంటుంటే పెట్టె విప్పుకుని కూర్చుంటారా ఎవరైనా?

ఓబోన్ సాయంత్రం ఆమెకు దారి కనిపించేలా గుమ్మం ముందు జనపపుల్లలు వెలిగించి కూర్చున్నాడు. పుల్లలు బూడిదయ్యాయి. ఎవరూ రాలేదు. మర్నాడు స్విచ్ వేస్తే లోపల టప్పుమంది, కాస్త పొగ వచ్చింది, తెర నల్లబడింది.

అప్పుడు విప్పాడు. పలకంతా పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఏమైంది మేస్త్రీ?" గుమ్మంలోంచి అడిగింది ఇసోబె అక్క.

"కండెన్సర్లక్కా. కారిపోయాయి. ఇవి ఎప్పుడో..." మార్చాల్సింది అనబోయి ఆగిపోయాడు. మార్చడాన్ని కూడా కాఎరు అనే అంటారు. వచ్చిన ప్రతి కస్టమరుతోనూ అతను రోజంతా అనే మాటే అది.

"మార్చమందక్కా," అన్నాడు. "రోజూ అడిగింది. నేను వంకాయలు కొనుక్కుంటూ కూర్చున్నాను."

జన్మలో ఎవరినీ ఏదీ అడగని మనిషి ఒక్కటి అడిగింది, అదీ అతని చేతిలో ఉన్న పని. తీపి మాట వినాలన్న ఆశతో అతను దాన్ని వినకుండా పోయాడు. ఇసోబె అక్క వచ్చి పక్కన కూలబడింది. "వస్తుందని చెప్పింది నేనే కదయ్యా," అని ఏడ్చింది. ఆమెను ఓదార్చే ఓపిక అతనికి లేకపోయింది.

కండెన్సర్లన్నీ మార్చాడు. తెగిన రాగి గీతలకు తీగలు అతికాడు. యంత్రం కొత్తదానిలా లేచింది, తెర కాస్తయినా వణకలేదు. ఖాళీ తెర మీద నవోఎ అని కొట్టాడు. అర్థం కాని మాట కొడితే ఆ యంత్రాలు తప్పు అని చూపిస్తాయి. తప్పు అని వచ్చింది. ఉన్నావా అని కొట్టాడు. తప్పు. క్షమించు అని కొట్టాడు. దానికీ అదే వచ్చింది.

చలికాలానికి దుకాణం మూసేశాడు. ఇప్పుడు స్టేషను పక్కన సైకిళ్ళ స్టాండులో పని. సాయంత్రం రైలు దిగి సైకిలు కోసం వచ్చే ప్రతివారితోనూ "ఓకాఎరి" అనాలి, వచ్చేశారా అని. కాఎరులోంచి పుట్టిన మాటే. తోటివాళ్ళు కుర్చీలోంచి కదలకుండా గొణిగేస్తారు. తొకునాగా మాత్రం లేచి నిలబడి, ఒక్కొక్కరి మొహంలోకి చూసి మరీ అంటాడు.