తెర దించండి, పుణ్యం కట్టుకోండి

నా నోరు మంచిది కాదని మా నాటక బృందంలో అందరికీ తెలుసు. ఎవరైనా ఆలస్యంగా వస్తే "అప్పుడే వచ్చేశారేం, ఇంకాసేపు పడుకోలేకపోయారా" అంటాను. డైలాగు మింగేస్తే "ఇంట్లో తిండి పెట్టలేదా" అంటాను. వాళ్లు నవ్వుకుంటారు, మర్నాడు టైముకు వస్తారు. నేరుగా తిట్టి ఉంటే ఎప్పుడో చెల్లాచెదురయ్యేవాళ్లం, ఈ వెటకారమే మమ్మల్ని తొమ్మిదేళ్లు కలిపి ఉంచిందని నా నమ్మకం.

మొన్న శనివారం ఆ నమ్మకం మీద తెర పడింది.

ఇన్నేళ్లూ టైర్ల గోడౌన్లో రబ్బరు వాసన పీలుస్తూ రిహార్సల్సు చేసిన మాకు మొదటిసారి అసలైన హాలు దొరికింది. మూడు వందల సీట్లు, ఎర్రటి తెర. ముందు వరసలో హాలు ఓనరమ్మ. ఆవిడకు నాటకం నచ్చితే ఏడాది పొడవునా శనివారాలు మావే, నచ్చకపోతే మళ్లీ గోడౌనే. పొద్దున్నుంచి నా కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు.

తెర లాగే పని మా బావగారిది. అక్క భర్త. రైల్వే సిగ్నల్ క్యాబిన్లో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే ఉండలేక గోడగడియారాన్ని గంటకోసారి సరిచేస్తుంటే, "నా ప్రాణం తోడేస్తున్నారే, నీ దగ్గర ఏదన్నా పనుంటే చెప్పు" అని అక్కే పంపింది. క్యాబిన్ అలవాటు ఒకటి ఆయన్ను వదల్లేదు. చెప్పిన మాట తిరిగి అప్పజెబుతారు, అవతలివాళ్లు ఔనంటేనే చేస్తారు. "మాటలో తేడా వస్తే రెండు రైళ్లు ఒకే పట్టాల మీదికొస్తాయి అమ్మాయ్" అంటారు. వెటకారం మాత్రం ఆయన తలకెక్కదు. ఈ హాల్లో చేసిన రిహార్సల్లో ఓసారి "ఇంకా నెమ్మదిగా లాగండి, మాకేం తొందర" అంటే, నిజంగానే ఇంకా నెమ్మదిగా లాగారు.

నాటకం బ్రహ్మాండంగా నడుస్తోంది. నేను హాలు చివర లైట్ల బోర్డు దగ్గర ఉన్నాను, చెవులకు హెడ్‌సెట్, అలాంటిదే తెర దగ్గర బావగారికీ. అక్కచెల్లెళ్లను విడదీసిన ఉత్తరం ఎవరు రాశారన్నది కథ. తండ్రి ఆ ఉత్తరం చేతిలోకి తీసుకుని "ఇది రాసింది నేనే" అనాలి. తండ్రి వేషం మా పళ్ల డాక్టరుది. ఆయన ఉత్తరం తీసుకున్నాడు, నోరు తెరిచాడు, ఆ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అయిదు సెకన్లు. పది. ప్రాంప్టింగ్ వద్దని పట్టుబట్టింది నేనే కాబట్టి ఎవరిని అనను?

"అద్భుతం" అన్నాను హెడ్‌సెట్లో. "ఇంకేం, తెర దించేయండి, ఇళ్లకు పోదాం."

"తెర దించాలి. ఇళ్లకు పోవాలి. అంతేనా?" అన్నారు బావగారు.

నా కళ్లు డాక్టరు మీదే ఉన్నాయి, మంట నెత్తికెక్కింది. "దించండి, పుణ్యం కట్టుకోండి" అన్నాను.

తెర దిగింది. చక్కగా, ఎక్కడా తట్టుకోకుండా, నేల దాకా.

పక్క వరండాలోంచి స్టేజి వెనక్కి పరుగెత్తాను, చెప్పు ఒకటి ఎక్కడో ఊడింది. వెళ్లేసరికి బావగారు టిఫిన్ బాక్సు సంచీ భుజాన వేసుకుని, చెమట తుడుచుకుంటూ బయల్దేరుతున్నారు.

"ఎక్కడికండీ?"

"ఇళ్లకు పోదామన్నావుగా" అన్నారు.

డాక్టరు తల పట్టుకుని, "ఆవిడ వెటకారంగా అంది సార్, నా మీద కోపంతో" అన్నాడు. బావగారి మొహం పాలిపోయింది. సంచీ దించి, హెడ్‌సెట్ తీసి కుర్చీ మీద పెట్టారు.

"ముప్పయ్యేళ్లలో ఒక్క తప్పు చెయ్యలేదమ్మాయ్. తిరిగి అప్పజెప్పి అడిగాను కూడా. నాకీ రెండో రకం మాటలు రావు. ఇంకెవర్నైనా చూసుకో."

ఆయన తప్ప ఆ తాడు లాగడం తెలిసినవాళ్లు లేరు. నాలుక మీదికి ఎన్ని మాటలొచ్చాయో, అన్నీ ఆ రెండో రకానివే. అప్పుడు తెర అవతల గోల వినిపించింది. భయంగా సందులోంచి చూశాను. ఒక్క మనిషి లేవలేదు. వెనక్కి తిరిగి మరీ వాదించుకుంటున్నారు. పెద్దకూతురే రాసుంటుందని ఒకరు, కాదు ఆ ముసలాయనే, మొహం చూళ్లేదా అని ఇంకొకరు. ఓనరమ్మ పక్కసీటు ఆయన మోచెయ్యి పట్టుకుని మరీ చెబుతోంది.

"బావగారూ" అన్నాను. "తప్పు నాది. నేను 'ఎత్తండి' అంటే తెర ఎత్తండి. ఇంకో మాట మాట్లాడను."

ఆయన హెడ్‌సెట్ వైపు చూసి, మళ్లీ తగిలించుకున్నారు. "నువ్వంటే ఎత్తాలి. ఇంకో మాట ఉండదు."

"ఔను."

లైట్ల బోర్డు దగ్గరికి పరుగెత్తి, హెడ్‌సెట్లో "ఎత్తండి" అన్నాను. తెర లేచింది. డాక్టరు అదే చోట, అదే ఉత్తరంతో నిలబడి, "ఇది రాసింది నేనే" అన్నాడు. హాలు దద్దరిల్లింది. చప్పట్లు ఆగేదాకా తర్వాతి డైలాగు చెప్పడానికి లేకపోయింది. మిగతా నాటకమంతా నా నోట పని మాట తప్ప మరొకటి రాలేదు. మధ్యలో చిన్నకూతురు వేషం అమ్మాయి తప్పు తలుపులోంచి వస్తే, నోటిదాకా వచ్చినదాన్ని కాఫీతో పాటు మింగేశాను.

అయ్యాక ఓనరమ్మ మొహం ముడుచుకుని వెనక్కి వచ్చింది. "ఇలాగైతే కష్టమండీ మీతో" అంది. ఇక గోడౌనే గతి అనుకున్నాను. "జనం లేవరు, మా కుర్రాళ్లు హాలు ఎప్పుడు ఊడ్చాలి? శనివారాలన్నీ మీకే రాసిచ్చేస్తే పీడా పోతుంది." అని పకపకా నవ్వింది. వెటకారం ఎంత తియ్యగా ఉంటుందో అవతల నిలబడితే గానీ తెలియలేదు. డాక్టరు ఎగిరి గంతేశాడు. మేమంతా ఒకరినొకరు వాటేసుకున్నాం, నేను ఏడ్చాను కూడా.

బావగారు మాత్రం తాడు చుట్ట చుడుతున్నారు. దగ్గరకెళ్లాను.

"బావగారూ, ఇవాళ నాటకాన్ని మీరే కాపాడారు."

చుట్టడం ఆపి నా మొహంలోకి చూశారు.

"ఇది మామూలు మాటా, రెండో రకమా?"

తొమ్మిదేళ్లలో నేను మెచ్చుకున్నవాళ్లందరికీ ఈ అనుమానం వచ్చే ఉంటుంది, అడిగింది ఈయనొక్కరే.

"మామూలు మాటే" అన్నాను.

ఆయన నిటారుగా నిలబడి, క్యాబిన్లో అప్పజెప్పినట్టే అప్పజెప్పారు. "ఇవాళ నాటకాన్ని నేనే కాపాడాను." నేను ఔననేదాకా ఆగారు.

"ఔను" అన్నాను.