నేర్పని పని

పన్నెండు మంచాల దుప్పట్లు మార్చేసరికి అక్కకు నడుం విరిగినంత పనయింది. ఇంకా ఆరు మంచాలున్నాయి. కిటికీ పక్క మంచం మీదాయన మూత్రం సంచి నిండిపోయింది. తలుపు దగ్గరామె దుప్పటి మార్చిన కాసేపటికే దాని మీద వాంతి చేసుకుంది. మధ్యలో ఎవరో "సిస్టర్, సిస్టర్" అని పిలుస్తూనే ఉన్నారు. ఆ పిలుపుకు వెనక్కి తిరిగినప్పుడల్లా పరాయివాళ్ళ బట్టలు తొడుక్కున్నట్టు ఉండేది ఆమెకు. ఆమె సిస్టరు కాదు. నర్సింగ్ సహాయకుల శిక్షణలో ఉన్న విద్యార్థి. తొమ్మిది నెలలు గడిచాయి, మరో మూడు మిగిలాయి.

బ్యాచిలో మిగతా అమ్మాయిల కంటే పది పదిహేనేళ్ళు పెద్దది కాబట్టి వాళ్ళు ఆమెను అక్క అన్నారు. వాళ్ళను చూసి కొందరు రోగులూ, రోగులను చూసి డాక్టర్లూ అదే పిలుపు అందుకున్నారు. ఆ అంతస్తులో జీతం మీద పనిచేసే నర్సు ఒక్కతే, పెద్ద సిస్టరు. కింది అంతస్తు కూడా ఆవిడే చూడాలి. మెట్లెక్కీ దిగీ ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. తక్కిన పనంతా లేత నీలం కోట్లు వేసుకున్న శిక్షణ పిల్లలదే.

వారం రోజులుగా వాళ్ళలో ఒకరు తక్కువ. పిచ్చుక రావడం లేదు. ఇక రాదు.

ఆ సంగతి తలుచుకోకూడదనే అక్క పని మీద పడింది. చేతులు ఆగితే బుర్ర నడవడం మొదలుపెడుతుంది. అందుకే వాంతి తుడిచింది, సంచి ఖాళీ చేసింది, ఒకసారి మడిచిన దుప్పటినే మళ్ళీ విప్పి మడిచింది.

ఈ చదువు సంగతి మొదట ఎత్తింది ఆమె అత్తగారు. ముసలావిడకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోతే, అక్క బట్టల ఫ్యాక్టరీలో మిషను పని మానుకుని ఏడాదిన్నర పాటు ఆవిణ్ణి సాకింది. ఒళ్ళు తుడిచింది, పక్కకు తిప్పింది, నోట్లో ముద్ద పెట్టింది, వీపు మీద ఒక్క పుండు లేవకుండా కాపాడింది. చివరికి ముసలావిడ కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడవగలిగింది. నడిచిన మర్నాడే కోడల్ని పిలిచి కూర్చోబెట్టుకుంది.

"నన్ను మంచం మీంచి లేపావు, దమ్మిడీ ఇవ్వలేదు నీకు. ఇదే పని బయట చేస్తే జీతమిస్తారంట. దానికో చదువుందంట. పోయి చదువుకో."

కొడుకు వెల్డింగు పనివాడు. మాటలు తక్కువ, పట్టింపులు ఎక్కువ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల, మళ్ళీ మిషను పనికే వెళ్ళమన్నాడు. మన ఇంటి ఆడవాళ్ళు పరాయి మగాళ్ళ ఒళ్ళు తుడవడమేంటి, నలుగురూ ఏమనుకుంటారు అన్నాడు. అత్తగారు కర్ర నేల మీద ఆనించి కొడుకు వైపు చూసింది.

"మీ నాన్న ఆసుపత్రిలో పడున్నన్నాళ్ళూ ఆయన ఒళ్ళు తుడిచిన పిల్ల ఎవరింటి కోడలో నువ్వడిగావురా? నేనూ అడగలేదు. తుడిచింది, అంతే."

అతను మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం అత్తగారే ఇచ్చేసింది.

అక్క రెండు చోట్లకు వెళ్ళి చూసి వచ్చింది. ఒకటి ఊరికి ఆ చివర పెద్ద ధర్మాసుపత్రిలో ఉన్న శిక్షణ బడి. రెండు బస్సులు మారాలి, ఏడాదిన్నర చదవాలి, చేతికి పైసా రాదు. ఆమె వెళ్ళినప్పుడు అక్కడి పంతులమ్మ ఒక పిల్ల చేత చేతులు కడిగిస్తోంది. గోళ్ళ సందులు వదిలేశావంటూ మళ్ళీ కడిగించింది, మళ్ళీ చూసింది, మళ్ళీ కడిగించింది. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నవ్వలేదు. రెండోది బజారు దగ్గర ప్రైవేటు నర్సింగ్‌హోము. ఏడాది చదువు, ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం, నెలనెలా ఆయా జీతంలో సగం చేతిలో పెడతారు. చదువయ్యాక ఉద్యోగం కూడా అక్కడే అన్నాడు మేనేజరు. అతను నర్సింగ్‌హోము యజమానికి బావమరిది. గోడల నిండా అద్దాల చట్రాలు, పటాల్లో పట్టాలు పుచ్చుకుంటూ నవ్వుతున్న అమ్మాయిలు.

ఆమె మనసు ఆ చివరి బడి వైపే లాగింది. కానీ భర్త దూరపు కొండలు నునుపని తేల్చేశాడు. కర్ర ఊతంతో నడిచే అత్తగారిని పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒంటరిగా ఎలా వదలడం? ఆ సగం జీతమూ ఇంటికి పనికొచ్చేదే. ఎవరూ బలవంతపెట్టలేదు. తనే బజారు దగ్గరిదాన్ని ఎంచుకుంది. దగ్గర కొండ గరుకెంతో ఎక్కడం మొదలుపెట్టాకే తెలిసింది.

తరగతి గది పై అంతస్తులో, పాత మంచాలు పడేసే సామాన్ల గది. అందులో ఒక రబ్బరు బొమ్మ ఉండేది, దానికి ఎడమ చెయ్యి లేదు. పాఠం చెప్పే ఆవిడ మొదటి రెండు నెలలు వారానికి రెండుసార్లు వచ్చింది, తర్వాత నెలకొకసారి, తర్వాత ఎప్పుడో ఒకసారి. వార్డే మీ బడి, చూసి నేర్చుకోండి అన్నాడు మేనేజరు. చూసి నేర్చుకోవడానికి చేసి చూపించేవాళ్ళుండాలి కదా. పెద్ద సిస్టరు పాపం మెట్ల మీదే సగం మాట చెప్పి కిందికి పరుగెత్తేది. పిల్లలు వార్డులు తుడిచారు, ట్రాలీలు తోశారు, శవాలకు బట్టలు మార్చారు. ఒక్కో మంచానికి రోజుకింత అని నర్సింగు చార్జీ వసూలు చేసేవాళ్ళు. ఆ చేసే నర్సింగంతా చేతికి సగం జీతం వచ్చేవాళ్ళదని రోగులకు తెలియదు.

అయినా అక్క వదల్లేదు. బడి మానేసి ఎన్నో ఏళ్ళయింది, పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా పాకేవి. పొయ్యి మీద ఎసరు పెట్టి పక్కనే పుస్తకం పెట్టుకునేది. రక్తపోటు చూడటం, కట్టు కట్టడం, మనిషి పడుకుని ఉండగానే పక్క మార్చడం అన్నీ అత్తగారి మీదే సాధన చేసింది. ముసలావిడ కర్ర పక్కన పెట్టి చచ్చిన శవంలా బిగుసుకుపోయి పడుకునేది. మధ్యలో ఒక కన్ను తెరిచి, "బతికున్నవాళ్ళు కాస్త కదులుతారే, కదలమంటావా?" అని అడిగేది. చేతనైనంత బరువు కోడలి మీద వేసి, ఇప్పుడెత్తు చూద్దాం అనేది. ఒకరోజు వెల్డరు ఇంటికొచ్చేసరికి అతని తల్లికి తల నుంచి కాళ్ళ దాకా కట్లు కట్టి ఉన్నాయి. అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. ఏమీ కాలేదురా, రేపు నీ పెళ్ళానికి పరీక్ష అంది కట్ల లోపలి నుంచి అత్తగారు. ఆ రోజు అతను మొదటిసారి నవ్వాడు. మర్నాడు తనే లేచి వంట చేశాడు. ఉప్పు మర్చిపోయాడు. అత్తాకోడళ్ళు కిక్కురుమనకుండా తిన్నారు.

అలా నెట్టుకొస్తుండగా పిచ్చుక సంగతి జరిగింది.

బ్యాచిలో అందరి కంటే చిన్నపిల్ల, సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ ఉండేది కాబట్టి పిచ్చుక అన్నారు. కిందటి వారం ఒక రోగికి ముక్కు గొట్టం వెయ్యమని మేనేజరు దానికి పురమాయించాడు. మింగలేని వాళ్ళకు ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి ఆహారం పోస్తారు. దారి తప్పితే ఆ గొట్టం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిచ్చుక రెండుమూడుసార్లు దూరం నుంచి చూసిందే తప్ప చేతపట్టింది లేదు. కాదనడానికి భయపడి వేసింది. రోగి దగ్గాడు, ముఖం నీలంగా మారింది. పెద్ద సిస్టరు వేళకు వచ్చి గొట్టం లాగేసింది కాబట్టి బతికాడు. రోగి మనుషులు గొడవకు దిగితే, ఈ పిల్ల ఎవర్నీ అడక్కుండా తనంతట తనే చేసిందని మేనేజరు చెప్పాడు. పక్క మంచం దగ్గర నిలబడి దుప్పటి దులుపుతున్న అక్క, అతను పురమాయించడమూ విన్నది, ఇప్పుడీ అబద్ధమూ విన్నది. ఇంకా మూడు నెలలే కదా అనుకుని దుప్పటి దులుపుతూనే ఉంది. పిచ్చుక కోటు విప్పి ఇచ్చేసి వెళ్ళిపోతూ గేటు దగ్గర ఒక్క మాటే అంది.

"నువ్వక్కడే ఉన్నావుగా అక్కా."

నిందగా కాదు. గుర్తు చేసుకుంటున్నట్టు. అందుకే అది అక్కను నిలవనివ్వడం లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేది. కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు అని అత్తగారు అడిగితే, ఏం లేదు అత్తయ్యా అంది.

మధ్యాహ్నం గోల కాస్త సద్దుమణుగుతుండగా మూలమంచం మీద ముసలాయన తన ముక్కు గొట్టం తానే పీకేసుకున్నాడు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన మనిషి. మాట పడిపోయింది కానీ వేళ్ళు ఊరుకోవు, దొరికినదాన్నల్లా విప్పి చూడాలంటాయి. పక్కన ఆయన కూతురుంది, బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలో ఖాకీ చొక్కాతోనే వచ్చింది, భుజాన సంచీ కూడా తీయలేదు. నాన్నకు ఆహారం పోసే వేళ దాటిపోతోందని, త్వరగా గొట్టం వెయ్యమని అక్కను అడిగింది. అక్క పెద్ద సిస్టరుకు కబురు పంపింది. ఆవిడ కింద ఆపరేషను గదిలో ఉంది, ఎప్పుడొస్తుందో తెలియదని జవాబొచ్చింది. డాక్టరు వచ్చేది సాయంత్రం.

కండక్టరు వెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చింది. అతను వస్తూనే కొత్త గొట్టం ఉన్న పళ్ళెం తెప్పించి మంచం పక్క బల్ల మీద పెట్టించాడు. నువ్వెయ్యమన్నాడు అక్కతో, నీళ్ళ చెంబు అందుకోమన్నంత తేలిగ్గా.

అక్క పళ్ళెం వైపు చూసింది. ఎలా కొలవాలో పుస్తకంలో చదివింది. చదివినది చేతుల్లోకి దిగలేదని ఆమెకు తెలుసు. ముసలాయన వేళ్ళు పళ్ళెం అంచును తడుముతున్నాయి.

"నాకు రాదు సార్."

మేనేజరు ఆమెను పక్కకు రమ్మన్నాడు. ఆమె కదల్లేదు. అతనే దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. రోగుల ముందు రాదనే మాట అనకూడదన్నాడు. ఇన్ని నెలలు చూస్తూనే ఉన్నావు, ఇందులో బ్రహ్మవిద్య ఏముందన్నాడు. పరీక్షలో చేతిపని మార్కులు వేసేది ఎవరో గుర్తుంచుకోమన్నాడు. ఇక్కడ పాసు కాకపోతే ఏ ఆసుపత్రీ గడప తొక్కనివ్వదన్నాడు.

 పొయ్యి పక్కన చదివిన చదువూ, కట్ల లోపలి నుంచి అత్తగారు అన్న మాటా ఆమెకు గుర్తొచ్చాయి. కానీ గొంతు మాత్రం తగ్గలేదు.

"పెద్ద సిస్టరు వచ్చి పక్కన నిలబడి నేర్పితే వేస్తాను. ఈరోజే నేర్చుకుంటాను. నేర్పకుండా వెయ్యను. పిచ్చుకకి కూడా ఎవరూ నేర్పలేదు సార్. వెయ్యమన్నది మీరే, నేను విన్నాను."

 కండక్టరు మేనేజర్ని వదిలేసి అక్క కోటును కింది నుంచి పైదాకా చూసింది.

"మీరు నర్సు కాదా?"

"కాదమ్మా. నేర్చుకుంటున్నాను."

ఆ కూతురు మెచ్చుకుంటుందని అక్క అనుకోలేదు, మెచ్చుకోలేదు కూడా. ఆమె ముఖం ఎర్రబడింది. నెల రోజులుగా మా నాన్నని మీ చేతుల్లో పెట్టి డ్యూటీకి పోతున్నాను, ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం అని నిలదీసింది. అక్క తల దించుకుంది.  కండక్టరు వార్డంతా కలియజూసింది. ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయిన నీలం కోట్ల వైపు వేలు చూపించింది.

"మరి వీళ్ళలో నర్సు ఎవరు?"

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

మేనేజరు సర్దుకున్నాడు. ఈవిడకు ఒంట్లో బాగాలేదు, పొద్దుటి నుంచి పని ఎక్కువైందని కండక్టరుతో అన్నాడు. అక్కతో కోటు విప్పి ఆఫీసుకు రమ్మన్నాడు. తర్వాత తలుపు దగ్గర ఉన్న మరో శిక్షణ పిల్లను వేలితో సైగ చేసి పిలిచాడు. రోజూ పిచ్చుక పక్కనే కూర్చుని అన్నం తిన్న పిల్ల.

అక్క కోటు విప్పలేదు. మంచం దగ్గర నుంచి పోలేదు. వేళ్ళు ఊరుకోని ముసలాయన చెయ్యిని తన చేతిలోకి తీసుకుంది. మెట్ల వైపు చెవి వేసింది. అటు నుంచి ఏ అడుగుల చప్పుడూ లేదు.

ఆ పిల్ల మెల్లగా వచ్చింది. పళ్ళేనికీ మంచానికీ మధ్య ఆగింది. ఒకసారి మేనేజరు ముఖంలోకి, ఒకసారి అక్క ముఖంలోకి చూసింది. ఎప్పుడో ఆరిపోయిన చేతుల్ని కోటుకు తుడుచుకుంటోంది, తుడుచుకుంటూనే ఉంది.