ఆఖరి డైలాగు

"తెర మీద వినబడేది నీ గొంతే కదా, కనబడేది నువ్వు కాదుగా. ఇక పేరెందుకట?" అన్నాడు మొగుడు, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. కాలరు దగ్గర ముడత పోలేదని ఇంకో మాట కూడా విసిరాడు. అత్తగారు మంచం మీంచే అందుకుంది. "మనింటి కోడలి పేరు సినిమాలో పడితే నలుగురిలో తలెత్తుకు తిరగగలమా?" అని. అప్పటికామె నీళ్లు పట్టి, రెండు పూటలకీ వండి, ఆవిడ మోకాళ్లకు నూనె రాసి, బుర్ఖా వేసుకుని చెప్పులు వెతుక్కుంటోంది. పనికి వెళ్లొద్దని మాత్రం ఇద్దరూ అనరు. అంత అమాయకులా వాళ్లు!

ఇన్నేళ్లుగా ఎంతమంది హీరోయిన్లకు గొంతిచ్చిందో లెక్కలేదు. ఒక్క సినిమాలోనూ పేరు లేదు. కానీ ఇది అలాంటిలాంటి సినిమా కాదు. ఒక ముస్లిం ఆడది పడ్డ కష్టాలూ, వాటిలోంచి బయటపడాలని పడ్డ పాట్లూ. ఇందులో కూడా పడకపోతే ఇంకెందులో పడుతుంది నా పేరు అనుకుని, సిగ్గు విడిచి డైరెక్టరును అడిగింది. "భలేవారే, తప్పకుండా వేస్తాం" అన్నాడాయన.

డబ్బింగు గదిలో వారం రోజులుగా ఒకటే పోరు. మొదటిరోజే "మీవాళ్లు మాట్లాడినట్టు మాట్లాడండమ్మా" అన్నాడు డైరెక్టరు. ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. "అలా కాదు, మీవాళ్లలాగా" అన్నాడు మళ్లీ! తను ఎవరి మనిషో ఆమెకే అనుమానం వచ్చింది. ఇక ఏడుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమెకు తెలిసిన ఏడుపు గిన్నెలు తోముతూ కొళాయి విప్పుకుని ఏడ్చేది, పక్కగదిలోకి కూడా వినబడనిది. అలాగే ఏడిస్తే "జలుబు చేసినట్టుంది, ఇంకా గట్టిగా" అన్నాడు. ఏడ్చింది. గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది. ఛీ, ఈ మహానుభావుడికి కష్టమంటే చప్పుడన్నమాట అనుకునేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఈరోజు ఆఖరి రీలు. సౌండు చూసే పెద్దాయన వైర్లు సర్దుతుంటే, పక్కన బల్ల మీద టైటిల్స్ కాగితం కనబడింది. ఆత్రంగా తీసి చూసుకుంది. బండి తోలినతని పేరుంది. టీలు తెచ్చినతని పేరుంది. డబ్బింగు అన్నచోట మిగతా ఎనిమిదిమంది పేర్లూ ఉన్నాయి. మళ్లీ మొదట్నించి చదివింది. పెద్దాయన తల దించుకున్నాడు.

"అదీ... మీవారు ఫోన్ చేశారమ్మా" అన్నాడు డైరెక్టరు. "పేరు వెయ్యొద్దని మరీ మరీ చెప్పారు. భార్యాభర్తల మధ్య మేమెలా తలదూరుస్తాం? సరేనన్నాను. మీరేం మనసులో పెట్టుకోకండి. రండి, ఒక్క డైలాగేగా మిగిలింది."

మనసులో పెట్టుకోకుండా ఎక్కడ పెట్టుకోవాలట? చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మైకు ముందు నిలబడింది. తెర మీద హీరోయిన్ గడప దాటి, వెనక్కి తిరిగి, మొగుణ్ణీ ఊరి పెద్దల్నీ సూటిగా చూస్తూ నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట కాగితం మీద ఉంది: "నా గురించి వాళ్లనీ వీళ్లనీ కాదు, నన్నడగండి!"

ఆమె పెదవి విప్పలేదు. బొమ్మ వెళ్లిపోయింది. పెద్దాయన మళ్లీ వేశాడు. మళ్లీ వెళ్లిపోయింది. "ఏమైందమ్మా? పొగరుగా, గుండెల్లోంచి రావాలి" అని అరిచాడు డైరెక్టరు అద్దం అవతలినుంచి.

ఇంటికెళ్తే ఎంత రభస అవుతుందో ఆమెకు తెలుసు. రేపట్నించి ఇక్కడ పని ఉండదనీ తెలుసు. అయినా హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకు తగిలించి, మైకులోకి నిదానంగా చెప్పింది.

"ఈ డైలాగు మావారి చేత చెప్పించుకోండి సార్. మీరడిగింది ఆయన్నేగా."