రెండో చిల్లు

మోటారు సైకిలు ముందుండే ప్లాస్టిక్ అద్దం పగిలితే జనం చేసే మొదటి పని దానికి టేపు అంటించడం. రెండో పని, టేపు మరక పోవాలని పెట్రోలుతో తుడవడం. దాంతో అది శుక్లం వచ్చిన కన్నులా తయారవుతుంది. అప్పుడు మోసుకొస్తారు నా షెడ్డుకి, "కొంచెం గీత పడిందండీ" అంటూ. కొంచెమట, నా తలకాయ!

ముప్ఫయ్యేళ్ళుగా వీళ్ళకి ఒకటే చెబుతున్నాను. జిగురు పట్టించడం తర్వాత సంగతి. ముందు పగులు ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ చివర సన్నటి చిల్లు పెట్టాలి. గుండ్రటి చిల్లుని పగులు దాటలేదు. కాస్త ఇవతల పెట్టారా, అది దాని మానాన పాకుతూనే ఉంటుంది. ఇంత చెప్పినా "బాగుచెయ్యమంటే చిల్లు పెడతారేంటండీ" అని నాకే పాఠాలు!

అసలు సంగతి ఏమిటంటే, ఏడాదిన్నరగా నాకు ఆ చివర కనిపించడం లేదు. కళ్ళజోడు మార్చాను, బల్బు మార్చాను, బల్లనే కిటికీ దగ్గరికి జరిపాను. లాభం లేకపోయింది. అందాజుగా పెట్టేస్తున్నాను. అయినా ఒక్క అద్దం తిరిగి రాలేదు. ఇన్నేళ్ళ చెయ్యి, దానికి కళ్ళతో పనేముందిలే అనుకున్నాను. ఈ మాట బయటికి పొక్కిందా, డ్రిల్లు అల్లుడి చేతికి పోతుంది. నేను వచ్చేపోయేవాళ్ళకి కుర్చీలు వేస్తూ బతకాలి.

అల్లుడా? నోట్లో నాలుక లేని మనిషి. ఏం అడిగినా "చూద్దాం మామయ్యా." పగులు మీద సిరా పూసి తుడుస్తాడు, లోపల మిగిలిన సిరా చివర ఎర్ర చుక్క పెడతాడు. ఆ చుక్క మాత్రం నాకు శుభ్రంగా కనిపిస్తుంది, అదే ఒళ్ళుమంట. చెరిపేసి నా చిల్లు నేను పెట్టుకుంటాను. వాడికెప్పుడైనా పగిలిన బకెట్టో మగ్గో అతకమని ఇస్తే, పెట్టిన చిల్లు అంచుని గుడ్డ చుట్టిన పుల్లతో పావుగంట రుద్దుతాడు. "ఏమయ్యా, దానికేమైనా పెళ్ళిచూపులా?" అంటే నవ్వుతాడు. నా కూతురు ఏం చూసి ఒప్పుకుందో ఆ దేవుడికే తెలియాలి.

నిన్న పొద్దున అల్లుడి తల్లి వచ్చింది. జనానికి బండి నడపడం నేర్పుతుంది మా వియ్యపురాలు. ఆవిడ బండి చప్పుడు వీధి మలుపులో వినిపిస్తేనే నాకు తలనొప్పి మొదలవుతుంది. అద్దం విప్పి నా బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యగారూ, కుడివైపు కొత్తగా పగిలింది. నేర్చుకోవడానికొచ్చిన మహాతల్లి గోడకి ముద్దుపెట్టింది."

"ఎడమవైపు పాతది ఎలా ఉంది?" తెలిసే అడిగాను.

"అది కదల్లేదు."

"ఎలా కదులుతుంది చెల్లెమ్మగారూ! కిందటేడు నేను పెట్టిన చిల్లు. మీ అబ్బాయి చేతికి డ్రిల్లు ఇచ్చుంటే ఈపాటికి జల్లెడ అయ్యేది."

అల్లుడు మూలన కూర్చుని సిరా గుడ్డ ఉతుక్కుంటున్నాడు. ఆవిడ అద్దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"మీరు పెట్టింది ఏది? ఇక్కడ రెండున్నాయి."

"రెండేమిటి? ముందు మీ కళ్ళు చూపించుకోండి."

"పోనీ, వేలు పెట్టి చూడండి."

పెట్టాను. మొదటి చిల్లు నాదే, అంచు గరుకుగా ఉంది. గోరు పగులు వెంబడి జరిపాను. ఆ పగులు నా చిల్లు దగ్గర ఆగలేదు. బొటనవేలి వెడల్పంత ముందుకి పోయింది. అక్కడ ఇంకో చిల్లు, అంచు వెన్నలా ఉంది. పగులు అక్కడ ఆగింది. పావుగంట రుద్దితే తప్ప అంత నునుపు రాదు.

మొన్న నేను చేసిన అద్దం ఒకటి అరలో ఉంది. తీసి తడిమాను. రెండు చిల్లులు. దాని పక్కనున్నదీ అంతే. ఏడాదిన్నరగా ఒక్క అద్దమూ ఎందుకు తిరిగి రాలేదో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను వాడిని. వాడు నా సంగతి ఇంట్లో నా కూతురి చెవిన కూడా వెయ్యలేదు.

"ఎన్నాళ్ళుగా?" అన్నాను.

"మీరు టీకి వెళ్ళినప్పుడు మామయ్యా."

అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. మొద్దు!

కొత్త పగులు మీద సిరా పూశాడు, తుడిచాడు, ఎర్ర చుక్క పెట్టాడు. అలవాటుకొద్దీ నా చెయ్యి చెరపడానికి లేచింది. దించేశాను. డ్రిల్లు వాడి ముందుకి తోశాను.

"పట్టు. చెయ్యి వణికిందో, ఊరుకోను. అంచు రుద్దడం ఐదు నిమిషాలు దాటకూడదు."

"చూద్దాం మామయ్యా."

వెళ్ళి వియ్యపురాలికి కుర్చీ తెచ్చి వేశాను. ఆవిడ తీరిగ్గా కూర్చుంది.

"హమ్మయ్య, ఈసారికి ఒక్క చిల్లుతో సరిపోతుంది" అంది.