ఆ దొంగ కోటు వేసుకున్న తీరు

నేను ఒక పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టర్‌ని. మొదట నన్ను కుటుంబ నియంత్రణ ప్రచారం జీపులో ఊరూరా తిప్పారు. ఇద్దరు చాలని నేను చెబుతుంటే, ఆరుగురు పిల్లల తల్లులు చంటివాళ్లను ఒళ్లో వేసుకుని హాయిగా చూసేవారు. ఆ కొలువు ముగిశాక కాకినాడ ఫిల్మ్ సొసైటీవారు నన్ను వేలంలో కొనుక్కున్నారు.

నేను ఒక్కదాన్నే కావడంతో రీలు అయిపోగానే హాల్లో దీపాలు వెలిగేవి. కొత్త రీలు ఎక్కించేలోగా సభ్యులు వాదించుకునేవారు. సగం సినిమా ఆ వెలుతురులోనే నడిచేది.

ఒక ఆదివారం సాయంత్రం మొదటిసారిగా ఇంటి ఆడవాళ్లనూ పిలిచారు. వేసింది పాత ఫ్రెంచి బొమ్మ. అందులో కథానాయకుడు దొంగ. స్నేహితుణ్ణి మోసగించాడు, నమ్మి వచ్చిన పిల్లను నడివీధిలో వదిలేశాడు, ఆ వెంటనే అద్దం ముందు ఆగి టోపీ సవరించుకున్నాడు. ఆ టోపీ అంచు మీద వెలుగు నిలిపినంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు.

చివరి రీలుకు ముందు దీపాలు వెలగగానే అధ్యక్షులు సోమయాజులు మాస్టారు లేచారు.

"ఇక కట్టేయండి. ఆడవాళ్లకు చూపించే బొమ్మేనా ఇది? వాడిలో మచ్చుకైనా మంచితనం లేదు."

రెండో వరసలో ఉన్న సెక్రటరీగారి భార్య వకుళమ్మ ముఖం వాడిపోయింది. రీళ్ల పెట్టె తెల్లారి రైలుకే మద్రాసు తిరిగి వెళ్లిపోతుంది. ఇప్పుడు ఆపితే, ఆ మనిషి ఏమయ్యాడో ఆమెకు ఇక తెలియదు.

"ఆగండి మాస్టారూ! వాడు వెధవని మాకూ తెలుస్తోందండి. పిల్లనిస్తామా ఏంటి?"

"మరి చూడ్డం దేనికమ్మా?"

"వాడు కోటు వేసుకోవడం చూశారా? మావారు చాలా మంచివారండి. పెళ్లైనప్పటి నుంచీ చూస్తున్నాను, ఆయన చొక్కా తొడుక్కుంటుంటే ఒక్కసారైనా ఆగి చూడాలనిపించలేదు."

హాలు గొల్లుమంది. సెక్రటరీగారు గుండీలు తడుముకుని, "వేసేయవయ్యా రీలు!" అన్నారు.

వేశాను. పోలీసులు వచ్చారు. వాడు ఏడవలేదు, మారలేదు, ఎవరినీ జాలి చూపమని అడగలేదు. కోటు దుమ్ము దులుపుకుని వాళ్లతో నడిచాడు. ఆ బొమ్మ తీసినవాడు కూడా వాడి తరఫున ఒక్క మాట చెప్పలేదు. వకుళమ్మ రెప్ప వేయకుండా చూసింది.

గుమ్మం దగ్గర ఆమె అడిగింది: "వచ్చే బొమ్మలోనూ ఇలాంటివాడేనా అండీ?"

మాస్టారు చెప్పులు వెతుక్కుంటూ గొణిగారు. "ఇంతకంటే దుర్మార్గుడమ్మా."

"అయితే వస్తామండి."

ఇప్పుడు నేనొక కాలేజీ ప్రదర్శనశాలలో గాజు వెనక ఉన్నాను. మంచివాళ్ల కథలు నేను చాలానే చూపించాను. జనం వాళ్లకు చప్పట్లు కొట్టి, ఇళ్లకు వెళ్లి నిద్రపోయారు. ఆ దొంగకు ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వీధి మలుపు తిరిగేదాకా మాత్రం వాడి గురించే మాట్లాడుకున్నారు.