ఆరేళ్లు ఆగిన యుద్ధం

ఆరేళ్ల తర్వాత కంప్యూటర్లో ఆ యుద్ధం ఆటను మళ్లీ తెరిచాడు లిఫ్ట్ మెకానిక్. ఆదివారం మధ్యాహ్నం. ఎవరూ రాని ఒంటిగది. తెర మీద మంచు మైదానం, నదికి ఇవతల తన ట్యాంకులు, అవతల బావవి.

ఇద్దరూ వేర్వేరు ఊళ్ల నుంచి ఆడేవారు. ఒకరు తన ఎత్తు వేసి ఫైలు మెయిల్లో పంపితే, రెండోవారు ఆడి తిప్పి పంపేవారు. ఫైలు వచ్చేదాకా ఫోన్ చేసి తొందరపెట్టకూడదన్నది బావ పెట్టిన షరతు. ఆరేళ్ల కిందట ఫైలు తిరిగి రాకపోయేసరికి, బావే ఆడటం మానేశాడని అలిగిన మెకానిక్, అక్కతో కూడా మాటలు మానుకున్నాడు.

తెర మీద ఎర్రటి అక్షరాలు మెరిశాయి: 'మీ వంతు ఇంకా ముగియలేదు.'

అప్పట్లో ట్యాంకులన్నీ కదిపాడు గానీ, ఫైలు పంపనే లేదు!

వెంటనే ఫోన్ చేశాడు. అక్క ఎత్తింది.

"బతికే ఉన్నావట్రా?"

"బావకివ్వక్కా. తప్పు నాదే."

ఫోన్ చేతులు మారింది.

"బావా, వంతు నాదే. ఇప్పుడే చూశాను."



"ఏళ్ల తరబడి రోజూ మెయిల్ తెరిచి చూశాన్రా, వెధవా" అన్నాడు బావ. "ఇక నా వల్ల కాదు."

లైను తెగిపోయింది.

సాయంత్రం దాకా రెండు వైపులా మెకానిక్ ఒక్కడే ఆడాడు. బావ ట్యాంకులను మాత్రం ఒక్కటీ పోకుండా, ఎంతో జాగ్రత్తగా నది దాటించాడు.